వేడెక్కాక దగ్గే ఎం.జి.

ప్రశ్న: మాది విజయనగరం, కోట దగ్గర. మా పెదనాన్నగారి 1969 మోడల్ ఎం.జి.బి. రెండు సీట్ల కారు ఇప్పుడు నా దగ్గరుంది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ఊళ్లో బాగానే తిరుగుతుంది. గజపతినగరం వైపు వెళ్తే మాత్రం ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు జెర్కులు మొదలవుతాయి. సైలెన్సర్‌లో ఒకటి రెండుసార్లు టప్‌మని పేలి ఆగిపోతుంది. పావుగంట చెట్టు కింద ఆపితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్! మెకానిక్ కార్బురేటర్లు మూడుసార్లు విప్పి కడిగాడు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ అన్నీ కొత్తవి వేశాడు. అంతకుముందు నెలకోసారి ఆగేది, ఇప్పుడు వెళ్లినప్పుడల్లా ఆగుతోంది. ఇక వేరే కారు ఇంజిన్ దించేద్దాం అంటున్నాడు. అమ్మేమో బండి అమ్మేయమంటోంది. నెలన్నరలో చెల్లి పెళ్లి. పెళ్లికూతుర్ని ఇందులోనే మండపానికి తీసుకెళ్లాలని నా కోరిక. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ ఇంజిన్ మార్చే మాట మానుకోండి. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుని, ఇరవై నిమిషాలు బాగా నడిచిన ఇంజిన్‌కి ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఉండదు. పిస్టన్లు, రింగులు అరిగిపోయిన ఇంజిన్ చెట్టు నీడన పావుగంట కూర్చుంటే కుదుటపడదు. పావుగంటలో చల్లారి మళ్లీ పనిచేసేది ఏదో చిన్న వస్తువే అయి ఉంటుంది. దాని ఖరీదు మీరు ఇప్పటిదాకా పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు.

ఇంకో మాట. మీ బండి విదేశీ స్పోర్ట్స్ కారు అని మెకానిక్‌లు భయపడుతుంటారేమో గానీ, బానెట్ ఎత్తితే లోపల ఉన్నది మనకు బాగా తెలిసిన మనిషే. మీ ఎం.జి.బి.లో ఉన్న 1798 సీసీ ఇంజిన్, మన పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజిన్ రెండూ ఇంగ్లాండు బి.ఎం.సి. కంపెనీ బి-సిరీస్ అనే ఒకే వంశం. అన్నదమ్ములే. మీదానికి ఒక కార్బురేటర్ ఎక్కువ, కాస్త పొగరు ఎక్కువ, అంతే. కాబట్టి కంప్యూటర్ తగిలించి చూసే షెడ్డు మీకు వద్దు. అంబాసిడర్ టాక్సీల మీద చేయి తిరిగిన పెద్దాయన ఎవరైనా విజయనగరంలోనో సాలూరులోనో ఇంకా పని చేస్తుంటే ఆయన్ని వెతకండి. నేను పని నేర్చుకున్న రోజుల్లో మా మేస్త్రి ఒక్కటే మాట అనేవాడు: "ముందు కరెంటు సూడు బాబూ. అదయ్యాకే పెట్రోలు జోలికెళ్లు." ఆ మాట వినక నేను కూడా చాలా కార్బురేటర్లు అనవసరంగా విప్పాను.

మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన వాక్యాలు రెండు. ఒకటి, సైలెన్సర్‌లో పేలుతోందన్నది. సిలిండర్‌లోకి వెళ్లిన పెట్రోలు మండకుండానే బయటికి వచ్చి, వేడి సైలెన్సర్‌లో ఒక్కసారిగా అంటుకుంటే ఆ టప్‌మనే చప్పుడు వస్తుంది. అంటే పెట్రోలు వచ్చింది, నిప్పు రాలేదు. పెట్రోలు అందకపోతే ఇంజిన్ సాధారణంగా వెనక పేలదు, ముందు తుమ్ముతుంది. కార్బురేటర్ నోట్లోంచి ఫక్‌మని ఊదుతుంది, లాగుడు నెమ్మదిగా చచ్చిపోతుంది, ఎక్కుడులో మరీ కనిపిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. కొత్త సామాన్లు వేశాక జబ్బు ముదిరింది అన్నారు. పాత జబ్బు ఒకటి ఉండగా కొత్త సామానుతో ఇంకొకటి వచ్చి చేరిందని నా అనుమానం. కొత్తది కదా, బాగానే ఉంటుందిలే అనుకుని మీ మెకానిక్ అటువైపు చూడటం మానేసి కార్బురేటర్ మీద పడ్డాడు. ఆయన్ని తప్పు పట్టను. నేనైనా నాలుగు సామాన్లు ఒకేసారి మార్చి ఉంటే అదే చిక్కులో పడేవాణ్ణి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో దేవుడికి కూడా తెలియదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది షెడ్డులో కాదు, రోడ్డు మీద. ఈ జబ్బు చల్లగా ఉన్నప్పుడు కనిపించదు. షెడ్డుకు తీసుకెళ్లేసరికి బండి బుద్ధిగా నిలబడి ఉంటుంది. అందుకని ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే పట్టుకోవాలి. గజపతినగరం దాకా పోవద్దు. నెల్లిమర్ల మీదుగా రామతీర్థం పోయి రండి, ఆగకపోతే మళ్లీ పోయి రండి. ఇంటికి దగ్గర, తోసుకురావాల్సి వచ్చినా పరువు దక్కుతుంది. పక్కన ఒక మనిషి ఉండాలి. సీటు వెనక ఒక చిన్న మంటలార్పే సిలిండర్ కూడా ఉండాలి. అది లేకుండా యాభై ఏళ్లు దాటిన పెట్రోలు బండిలో రోడ్డెక్కడం నాకు ఇష్టం ఉండదు.

బండి జెర్కు ఇవ్వగానే మీ కళ్లు ఆర్‌పీఎం మీటరు మీద ఉండాలి. మీ మోడల్‌లో ఆ మీటరు కాయిల్‌కి, అంటే బ్యాటరీ 12 వోల్టులను ప్లగ్గు నిప్పుకు సరిపడా పెంచే డబ్బాకి, వెళ్లే కరెంటును పట్టే లెక్క చెబుతుంది. బండి గేరులో దొర్లుతూ ఉండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయినా, పిచ్చిపట్టినట్టు గంతులేసినా, కాయిల్‌కి వెళ్లే కరెంటు తెగుతోందన్నమాట. తాళం స్విచ్, వైర్లు, పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి, తెంచే చిన్న స్విచ్), కాయిల్ లోపలి చుట్టు, వీటిలోనే ఎక్కడో ఉంది దొంగ. అలా కాకుండా ముల్లు నిదానంగా, బండి వేగం ఎంత తగ్గితే అంత దిగుతూ ఉంటే కాయిల్‌కి కరెంటు సరిగానే వెళ్తోంది. అప్పుడు అనుమానం పెట్రోలు మీదికో, కాయిల్ నిప్పును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, దాని లోపల తిరిగే రోటర్, ప్లగ్ వైర్ల మీదికో పోతుంది. ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. డ్రైవ్ చేసే మీకు కుదరకపోతే పక్కనున్న మనిషిని చూడమనండి.

బండి ఆగిపోయాక ఎక్సలేటర్ తొక్కుతూ సెల్ఫ్ కొట్టకండి. ముందు పెట్రోల్ ట్యాంకు మూత తిప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోలు ఖాళీ అయిన చోటికి గాలి రాకపోతే ట్యాంకులోనే వెలితి ఏర్పడి, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. కాసేపు ఆగితే గాలి నెమ్మదిగా లోపలికి చేరుతుంది, బండి నడుస్తుంది. అచ్చం మీ లక్షణమే. ఇది నాకు జరిగింది కూడా. కళింగపట్నం రోడ్డులో మా స్టాండర్డ్ హెరాల్డ్ మూడు ఆదివారాలు వరసగా ఒకే చోట ఆగింది. మా ఆవిడ ఆ చోట ఒక కొబ్బరికాయ కొట్టమంది. కొట్టాను కూడా. చివరికి చూస్తే, పాత మూత పోయిందని నేనే బజార్లో కొన్న కొత్త మూతకు రంధ్రమే లేదు! దానికి సన్న రంధ్రం పెట్టాక ఆ చోట మళ్లీ ఆగలేదు. కొబ్బరికాయ ఫలితమే అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మూత బాగుంటే తాళం ఆన్ చేసి, బండి వెనక కుడి చక్రం వైపు చెవి పెట్టండి. మీ బండి పెట్రోలు పంపు ఇంజిన్ దగ్గర ఉండదు, అక్కడ వెనకాల ఉంటుంది. అది ఎస్.యు. కంపెనీ ఎలక్ట్రిక్ పంపు. తాళం తిప్పగానే టక టకమని కొట్టి, కార్బురేటర్లలో పెట్రోలు నిలవుండే గిన్నెలు నిండగానే మౌనం వహించాలి. ఆగకుండా గబగబా కొట్టుకుంటూ పోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. టక్కుకీ టక్కుకీ మధ్య చాలాసేపు పడుతుంటే ట్యాంకు నుంచి లాగడానికి కష్టపడుతోంది, జాలీనో పైపో మూసుకుపోయింది. అసలు శబ్దమే లేకపోతే రెండర్థాలు: గిన్నెలు నిండి ఉన్నాయి, లేదా పంపు చచ్చింది. స్పానర్ పిడితో మెల్లగా ఒక దెబ్బ వేయండి. దెబ్బకు లేచి టకటకలాడిందంటే పంపు లోపల ఉన్న పాయింట్లు మాడిపోయాయి. పంపుకు ఉన్న ఎర్త్ వైరు కూడా విప్పి గరుకు కాగితంతో రుద్దండి. మన జిల్లాల్లో ఉప్పుగాలి ఇనుప బోల్టును వదలదు, దాని కింద బిగించిన వైరును అసలే వదలదు.

అన్నట్టు సీట్ల వెనక మూత కింద ఉండే ఆరు వోల్టుల బ్యాటరీలు రెండూ ఎప్పుడైనా చూశారా? చాలామంది ఎం.జి. యజమానులు వాటి ముఖం ఏడాదికోసారైనా చూడరు. టెర్మినళ్లకు పచ్చని బూజు ఉంటే వేడినీళ్లతో కడిగి బిగించండి.

పెట్రోలు వస్తోందని తేలాక నిప్పు వస్తోందో లేదో చూడాలి. ఒక మంచి ప్లగ్గును విడిగా దగ్గరుంచుకోండి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మధ్యలోకి వెళ్లే లావు వైరు పీకి, ఆ ప్లగ్గుకు తగిలించి, ప్లగ్గు ఒళ్లు ఇంజిన్ ఇనుముకు ఆనేలా కట్టి, పక్కవాణ్ణి సెల్ఫ్ కొట్టమనండి. కార్బురేటర్లకు దూరంగా కట్టండి, చేత్తో పట్టుకోకండి, పెట్రోలు ఎక్కడైనా కారి ఉంటే ఈ పరీక్ష అసలు చేయకండి. చిటచిటమని నీలంగా గట్టి నిప్పు వస్తే కాయిల్ దాకా అంతా క్షేమం, రోటర్‌నూ క్యాప్‌నూ అనుమానించాలి. పసుపుపచ్చగా నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా నేను మొదటినుంచీ చెప్తున్న చోటికే వచ్చాం.

ఆ చోట నేను మొదట పట్టుకునేది కండెన్సర్‌ని. చిటికెన వేలంత ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్ల పక్కన కూర్చుంటుంది. పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడ నిప్పు రేగకుండా ఆ కరెంటును అది మింగుతుంది. అప్పుడే కాయిల్‌లో శక్తి ఒక్కసారిగా ఎగదన్ని ప్లగ్గు దగ్గర నిప్పవుతుంది. కండెన్సర్ చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడికి లోపల అతుకు విడిపోతే, ప్లగ్గు దగ్గర రావాల్సిన నిప్పు పాయింట్ల దగ్గరే మాడిపోతుంది. జెర్కులు, వెనక టపాకాయలు, తర్వాత ఆగిపోవడం. చల్లారితే అతుకు మళ్లీ కలుస్తుంది. ఇప్పుడు బజార్లో దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం ఎక్కువ. ముప్పై ఏళ్లు నడిచిన పాతది తీసి పారేసి, ముప్పై రోజులు నడవని కొత్తది వేసుకున్నవాళ్లను ఎంతోమందిని చూశాను. మీ పాత కండెన్సర్ మెకానిక్ డబ్బాలో ఇంకా ఉంటే బతిమాలైనా తెచ్చుకోండి. లేకపోతే అంబాసిడర్‌కు వేసే మంచి రకం ఒకటి కొని, డిస్ట్రిబ్యూటర్ లోపల కాకుండా బయట పెట్టండి: దాని వైరు కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కి, ఒళ్లు బాడీ ఇనుముకు. లోపల ఉన్నదాన్ని తీసేయండి. విద్యుత్తుకు సంబంధించినంత వరకు రెండూ ఒకటే స్థానం, కాకపోతే బయట వేడి తక్కువ. దాంతో రామతీర్థం రెండుసార్లు పోయి వస్తే మీ కథ సగం తేలిపోతుంది.

రెండోది కాయిల్. కొత్త కాయిల్ వేశాడన్నారు గానీ ఏ రకమో రాయలేదు. కాయిళ్లు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల రెండు జాతులు. ఒకటి నేరుగా 12 వోల్టులకు వేసేది, మరొకటి మధ్యలో ఒక రెసిస్టెన్స్ పెట్టి నడపాల్సింది. మీ 1969 బండిలో ఆ రెసిస్టెన్స్ లేదు. మల్టీమీటరుతో కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల మధ్య, వైర్లు విప్పి కొలవండి. దాదాపు 3 ఓమ్‌లు రావాలి. ఒకటిన్నర వస్తే అది మీ బండి కాయిల్ కాదు. 12 వోల్టుల మీద మొదటిది 4 ఆంపియర్లు లాగితే ఇది 8 లాగుతుంది. కాయిల్ కాలిపోతుంది, పాయింట్లు నీలంగా మాడతాయి, కండెన్సర్ కూడా వేడికి ఉడుకుతుంది. ఇరవై నిమిషాల తర్వాత ఆగడానికి ఇంతకంటే మంచి కారణం కావాలా? కాయిల్ వేడెక్కడం మామూలే, కానీ చెయ్యి ఆనించలేనంత వేడి మామూలు కాదు. పందెం కాయమంటే నేను ఈ కాయిల్, కండెన్సర్ జంట మీదే కాస్తాను.

పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టే చూడండి, కళ్లతో కాదు. అక్కడ ఉన్నప్పుడే పాయింట్ల నుంచి బయటికి వచ్చే గుడ్డ చుట్టిన సన్న వైరును, పాయింట్లు కూర్చునే ప్లేటును డిస్ట్రిబ్యూటర్ ఒంటికి కలిపే చిన్న ఎర్త్ వైరును వేలితో అటూ ఇటూ వంచి చూడండి. ఎక్సలేటర్ మారినప్పుడల్లా ఆ ప్లేటు కదులుతుంది, ఏళ్ల తరబడి ఆ కదలికకు వైరు లోపల తెగిపోయి పైన గుడ్డ మాత్రం బాగుంటుంది. రోటర్ కూడా మార్చారా? మార్చి ఉంటే పాతది వేసి చూడండి. మధ్యలో రివెట్టు కొట్టిన నాసిరకం రోటర్లు వేడెక్కాక కింది షాఫ్టులోకి కరెంటు కారుస్తాయి, బయటికి ఏమీ కనిపించదు.

ఇవన్నీ బాగున్నా ఆర్‌పీఎం ముల్లు గంతులేస్తూనే ఉందనుకోండి. అప్పుడు ఫ్యూజు పెట్టెలో బ్రౌన్ వైరు వచ్చే చోటి నుంచి, మధ్యలో ఒక ఫ్యూజుతో, కాయిల్ తెల్ల వైరు ఉన్న టెర్మినల్‌కి నేరుగా ఒక తీగ లాగి నడపండి. ఆగడం మానేస్తే తాళం స్విచ్‌దో, దారిలో వైరుదో తప్పు. ఆ తీగ తీస్తే గానీ బండి ఆగదని గుర్తుంచుకోండి, పరీక్ష అవగానే తీసేయండి.

పెట్రోలు సంగతి ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. మీ బండి తయారైన రోజుల్లో అలాంటి పెట్రోలును ఎవరూ ఊహించలేదు. అప్పటి రబ్బరు పైపులను అది మెత్తబరుస్తుంది, లోపలి గోడ నల్లగా పొడిరాలి కార్బురేటర్ సూదిలో ఇరుక్కుంటుంది. మూడుసార్లు కడిగినప్పుడు గిన్నెల్లో నల్లటి నలుసులు కనిపించాయా, మెకానిక్‌ను అడగండి. కనిపించి ఉంటే కడగడం కాదు, పైపులే మార్చాలి. ఇథనాల్‌ను తట్టుకునే రకం అని అడిగి కొనండి. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. నెలలో ఒక రోజు నడిపే బండిలో, మన సముద్రపు గాలిలో, ట్యాంకు అడుగున నీళ్లు చేరడం పెద్ద విషయం కాదు. పెళ్లిలోపు ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ చేయించండి. ట్యాంకు పై భాగం, డిక్కీ నేలకు ఆనుకునే వైపు, తుప్పుకు ఇష్టమైన చోటు. కింద నుంచి చూస్తే కనిపించదు. ఖాళీ చేసినప్పుడే పంపు నుంచి వచ్చే పెట్రోలును ఒక సీసాలో పట్టండి. బుడగలు లేకుండా నిమిషంలో కనీసం అర లీటరు రావాలి.

ఇక పాపం ఆ కార్బురేటర్లు. మూడుసార్లు విప్పారు కాబట్టి ఎలా ఉండాలో అలా ఉండవు. కానీ నిప్పు సరయ్యేదాకా వాటిని ముట్టుకోవద్దు. ఆ తర్వాత ముందుగా పైన ఉన్న నల్ల మూతలు తిప్పి డాష్‌పాట్‌లో, అంటే వాటి కింది గొట్టంలో, నూనె ఉందో లేదో చూడండి, కడిగినవాళ్లు పోయడం మర్చిపోయేది అదే. కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే టక్‌మని కింద పడాలి. ఇంజిన్ వేడిగా స్లోలో నడుస్తుండగా కార్బురేటర్ కింద ఉన్న చిన్న పిన్నును కాస్త, మిల్లీమీటరు లోపు, పైకి నెట్టండి. ఇంజిన్ స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, పడిపోతే తక్కువ, కొద్దిగా లేచి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. ఒకదానికి చేసి రెండోదానికి చేయండి. గిన్నె పక్క సన్న గొట్టంలోంచి పెట్రోలు కారుతుంటే మాత్రం అక్కడితో ఆపేయండి, కింద ఉన్నది వేడి ఎగ్జాస్ట్.

ఇన్ని చేశాక కూడా ఒక్క సిలిండర్ తేడాగా కొడుతుంటే అప్పుడు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించండి. పక్కపక్కనున్న రెండో, మూడో సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే, సిలిండర్ల పైన సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. మీ లక్షణాలను బట్టి అక్కడిదాకా పోతారని నేను అనుకోవడం లేదు. ఒక జాగ్రత్త: ఈ బండి నట్లు అంగుళాల కొలత. మిల్లీమీటరు స్పానర్లతో నలిపేయనివ్వకండి. అంబాసిడర్ పెద్దాయన దగ్గర అంగుళాల సెట్టు ఉంటుంది, మీరు ఆయన్ని వెతకడానికి అది కూడా ఒక కారణం.

పెళ్లి రోజు సంగతి. ఊరేగింపు వేగం ఈ బండికి పడదు. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో, ముందు బ్యాండు, చుట్టూ జనం, గాలి తగలని రేడియేటర్! పెళ్లికూతురు కూర్చున్నాక ఇంటి నుంచి మండపానికి నేరుగా, తెల్లవారుజామునో పొద్దు వాలాకో తీసుకెళ్లండి. ఫోటోల కోసం ఇంజిన్ ఆపితే తాళం పూర్తిగా వెనక్కి తిప్పేయండి. తాళం ఆన్‌లో ఉండి ఇంజిన్ ఆగి ఉంటే, పాయింట్లు మూసుకున్న చోట ఆగాయంటే కాయిల్ ఊరికే కాగుతూ కూర్చుంటుంది. డిక్కీలో పాత కండెన్సర్, పాత రోటర్, ఒక కాయిల్, ప్లగ్గు స్పానర్ పెట్టుకోండి. ముహూర్తానికి అరగంట ముందు బయల్దేరండి. వెనకాల ఇంకో కారు ఖాళీగా రమ్మనండి, దాని గురించి చెల్లికి చెప్పకండి.

అమ్మగారికి మాత్రం అమ్మే సంగతి పెళ్లయ్యాక మాట్లాడదామని చెప్పండి. కాయిల్ మీద మీటరు ఎన్ని ఓమ్‌లు చూపించింది, ఆగేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఏం చేసింది, ఈ రెండూ నాకు రాయండి.